కాలేజీకి పెళ్ళిచూపులు

మా వదిన పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మంగలి కుర్చీలో ఉన్నాను. ఒక చెంప నున్నగా అయింది, రెండో చెంప నిండా నురగ. ఫోన్లో మా అన్న కొడుకు, "చిన్నాన్నా, అమ్మ పొద్దున్న కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అన్నాడు. లేచి నిలబడ్డాను. మంగలి బెంగాలీ మనిషి. సంగతి విని నా భుజం మీద చెయ్యి వేసి, "దాదా, ఆవిణ్ణి చూడ్డానికి ఇలా వెళ్తావా? కూర్చో, రెండోదీ కానిద్దాం" అన్నాడు. కూర్చున్నాను. ఆ అవతారంలో నన్ను చూసి ఉంటే మా వదిన వీధి వీధంతా పిలిచి చూపించి నవ్వేది. ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆవిడ గురించి రాయడానికి కూర్చున్న ఈ పూట కూడా అదే అవస్థ.

వదిన అంటే మా అన్న భార్య. అన్న డాక్‌లో క్రేను నడిపేవాడు. ఆవిడ మా పేటలో తెలుగు పిల్లల బడికి పంతులమ్మ. పెళ్ళయ్యి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హౌరాలో రైలు దిగిన మనిషి, మరి వెనక్కి చూడలేదు. నేను బడికి సరిగా వెళ్ళినవాణ్ణి కాదు. గోడౌన్లలో బస్తాల మధ్య కూర్చుని, పకోడీలు కట్టిచ్చిన కాగితాలు చదివి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. "మా మరిది. పొట్లాల పండితుడు" అని నన్ను అందరికీ పరిచయం చేసేది. టీ సగం సాసర్లో, సగం కప్పులో తాగేది. సాసర్లోది గొంతుకట, కప్పులోది కబుర్లకట. చర్చిలో వెనక వరసలో కూర్చున్నా పాటలో మాత్రం అందరికంటే ఒక మాట ముందుండేది. అదేమిటంటే, "నాను ముందెల్లి దారి సూపిత్తన్నాను" అనేది. ఆవిడ బెంగాలీలో సగం శ్రీకాకుళమే. బస్సు కండక్టర్లకి అర్థమయ్యేది కాదు గానీ, భయం మాత్రం కలిగేది.

ఎక్కడికో పోతున్నాను. చెప్పదలుచుకున్నది పెళ్ళిచూపుల సంగతి.

రిటైరయ్యాక ఆవిడ నెత్తిన వేసుకున్న పని, పేటలో ప్లస్ టూ అయిన పిల్లలకి కాలేజీ చూడటం. అచ్చం సంబంధం చూసినట్టే చూసేది. పట్టుచీర కట్టుకుని, ఒకరిద్దరు పెద్దవాళ్ళని వెంటేసుకుని, సంచీలో కమలాపళ్ళతో గేటు దగ్గర దిగేది. "ఆల్లు మన పిల్లని మార్కులడుగుతారు గదా, మనం ఆల్లని ఏటీ అడగొద్దా?" అనేది. మనం సంబంధానికి వెళ్తే, వాళ్ళు పెట్టిన జీడిపప్పు ఉప్మా తిని బాగుందని వచ్చేస్తామా? పక్కింటివాళ్ళని విచారిస్తాం. ఆ ఇంటికి ముందొచ్చిన పెద్దకోడలి మొహం ఎలా ఉందో చూస్తాం. ఆవిడకి పక్కింటివాళ్ళంటే గేటు ముందు జిరాక్స్ షాపువాడూ ఝాల్‌ముడీ అనే మసాలా మరమరాల బండివాడూ. పెద్దకోడలంటే ఆఖరి ఏడాది చదివే పిల్ల.

ప్రతిసారీ ఒప్పయిందని చెప్పను. ఒకసారి క్యాంటీన్లో సింగాడా, అదే సమోసా, బాగుందని ఒక కాలేజీకి ఓటేసింది. అక్కడ చేరిన కుర్రాడు డిగ్రీ అయ్యేసరికి బాగా లావయ్యాడు, ఇంకేమీ అవలేదు. నేను ఆ మాట ఎత్తితే, "పెరిగేడా లేదా? మరింకేటి?" అని నా నోరు మూయించేది.

అలా ఉండగా నా మనవరాలి వంతు వచ్చింది. మా అబ్బాయి పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ఆ పని ఎన్నాళ్ళుంటుందో తెలియని రోజులు. పిల్ల డిగ్రీ చేత పట్టుకుని తిన్నగా ఉద్యోగంలోకి వెళ్ళకపోతే ఇల్లు నడవదు. బీసీఏ అని అందరం ఒప్పుకున్నాం, ఎక్కడ అన్న దగ్గరే ఆగాం. ఒకచోట ఫీజు కట్టాక, అది తప్పని తెలిస్తే ఇంకోచోట కట్టే స్తోమత మాకు లేదు.

అబ్బాయి సాల్ట్ లేక్‌లో ఒక కాలేజీ చూసొచ్చాడు. అద్దాల భవనం, చుట్టూ కంప్యూటర్ ఆఫీసులు. "నాన్నా, గోడకి ఇటు కాలేజీ, అటు ఆఫీసు. ఇంకేటి కావాలి?" అన్నాడు. బయటివాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. మా పేటలో ఎవరికీ వింత కాదు. డాక్ పక్క క్వార్టర్లలో పుట్టినవాడు డాక్‌లోనే చేరేవాడు. లోపలి నుంచి మేస్త్రీ కేకేస్తే గోడ దూకి వెళ్ళి బస్తా ఎత్తుకునేవాడు. నేనూ అలా దూకినవాణ్ణే. అందుకని అబ్బాయి మాట నాకు బంగారంలా తోచింది. పిల్ల అయితే ఆ అద్దాల ముందు తీసుకున్న ఫోటో చూసుకుని మురిసిపోతోంది.

వదిన ఆ ఫోటో చూసి, "పెళ్ళికొడుకు అందగాడే. ఎల్లి మాటాడి సూద్దాం" అంది.

వెళ్ళాం. లోపల చలి. సోఫాలో కూర్చోబెట్టి ఒకమ్మాయి బొమ్మల పుస్తకం తిప్పుతూ గడగడా చెప్పింది. వదిన అన్నీ శ్రద్ధగా విని, తన బెంగాలీలో, "అంతా బాగుంది తల్లీ. ఇప్పుడు మీ కాలేజీలో లోపం ఒకటి చెప్పు" అంది. ఆ అమ్మాయి నవ్వి, "లోపమా? ఇక్కడ అన్నీ పర్ఫెక్ట్, మాశీమా" అంది.

వదిన నా వైపు తిరిగింది. "లోపం లేని పెళ్ళికొడుకు ఎక్కడైనా ఉన్నాడా మరిదీ? మీ అన్నకే రెండున్నాయి."

"ఏటవి?"

"ఒకటి నువ్వు."

రెండోది పోయేదాకా చెప్పలేదు.

బయటికొచ్చేసరికి ఆఫీసుల వాళ్ళు మెడలో బిళ్ళలు వేలాడేసుకుని ఫుట్‌పాత్ మీద భోజనాలకి వచ్చారు. వదిన పట్టుచీరతో ఆ గుంపులోకి దిగి, కనిపించినవాణ్ణల్లా, "బాబూ, నువ్వు ఈ కాలేజీలోనే చదివావా?" అని అడగడం మొదలుపెట్టింది. కాదు, కాదు, కాదు. పిల్ల సిగ్గుతో నా వెనక దాక్కుంది. మా మాటలు విని, చేతిలో నూడుల్స్ ప్లేటుతో ఒక కుర్రాడు ఆగాడు.

"అమ్మమ్మా, మీరు తెలుగోళ్ళా? నేను వరంగల్‌ల చదివిన."

"నీ సంగతి సరే నాయనా. నీతో పన్జేసే ఈ ఊరోల్లు ఏ కాలేజీల్లో సదివేరు?"

"మా టీంల ఇద్దరమ్మాయిలున్నరు. హౌరా దిక్కు పాత కాలేజట. ఇంటర్వ్యూల వాళ్ళు చేసిన పని చూపిచ్చిన్రు, మా సారు వెంటనే తీస్కున్నడు."

"మరి ఈ అద్దాలది?"

"దాంట్ల చదివినోళ్ళు నాకెవ్వరూ తెల్వరు అమ్మమ్మా."

వదిన సంచీలోంచి ఒక కమలాపండు తీసి అతని చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో పిల్ల కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. "మామ్మా, నువ్వు కావాలనే చెడగొట్టేవు."

"నీకు నచ్చితే అక్కడే సేరు, నానొద్దంటానా? రెండో సంబంధం కూడా సూసి సేరు."

మర్నాడు పడవ మీద హుగ్లీ దాటాం. ఆ పాత కాలేజీలో మమ్మల్ని పలకరించిన నాథుడు లేడు. గోడలకి రంగు పెచ్చులు ఊడుతున్నాయి. వరండాలో ఒక ఆఖరి ఏడాది పిల్ల లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని జుట్టు పీక్కుంటోంది. వదిన ఆ అమ్మాయినీ అదే ప్రశ్న అడిగింది.

"లోపాలా మాశీమా? కూర్చోండి చెప్తాను" అని మొదలెట్టింది ఆ పిల్ల. "లైబ్రరీలో ఫ్యాన్లు తిరగవు. వానకి మెట్లు జారతాయి. ప్రతి శుక్రవారం ఏదో ఒక దుకాణానికి తోలేస్తారు. వాళ్ళకి పనికొచ్చేది ఏదైనా చేసిచ్చేదాకా మార్కులు వెయ్యరు. ఇదిగో, నాకు మిఠాయి కొట్టు పడింది. పండగ ఆర్డర్లు తీసుకునే ప్రోగ్రాం రాయాలి. సందేశ్ నొక్కితే రసగుల్లా వస్తోంది!"

నా మనవరాలు వంగి చూసింది. "ఎందుకలా వస్తోంది దీదీ?"

"తెలిస్తే ఇలా ఉంటానా? కూర్చో, చూద్దాం."

ఇద్దరూ తలలు ఆనించి కూర్చున్నారు. మేమిద్దరం జారే మెట్ల మీద కూర్చుని కమలాపళ్ళు ఒలుచుకున్నాం. కాలేజీవాళ్ళకి ఇద్దామని తెచ్చిన పళ్ళన్నీ మేమే తినేశాం. మా పడవ వెళ్ళిపోయింది, తర్వాతదీ వెళ్ళిపోయింది. అప్పుడు పిల్ల పరిగెత్తుకొచ్చింది. "తాతా, సందేశే వచ్చింది!"

సాయంత్రం అబ్బాయి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఆఫీసుల మధ్యనున్న కాలేజీ వదిలేసి ఏరవతలి కొంపకి పంపుతావా పెద్దమ్మా? రేపు దీనికి ఉద్యోగం రాకపోతే మేమేటైపోవాలి?"

అది ఉత్త కోపం కాదు, భయం. వదినకి తెలుసు. సాసరు కింద పెట్టి మెల్లిగా అంది, "ఒరే నాయనా, పుట్టినకాడ్నించీ ఓడల పక్కనే ఉన్నాం గదా. నువ్వెప్పుడైనా ఓడెక్కేవేటి?"

అబ్బాయి పిల్ల వైపు చూశాడు.

"కాపరం సేసేది అది. దాన్నడుగు" అంది వదిన.

"అక్కడే చేరతాను నాన్నా. ఫ్యాన్లు లేకపోతే పోనీ" అంది పిల్ల.

మర్నాడు అబ్బాయి మొహం గంటు పెట్టుకునే వెళ్ళి ఫీజు కట్టొచ్చాడు. రెండో ఏడాదిలో అతని పని పోనే పోయింది. దొరికిన పనల్లా చేస్తూ ఇల్లు ఈడ్చుకొచ్చాడు. మొన్న వేసవిలో పిల్లకి సాల్ట్ లేక్‌లోనే ఉద్యోగమొచ్చింది. ఆ రోజు అబ్బాయి వీధిలో అందరికీ పంచిన మిఠాయి సందేశే. వదిన అప్పటికి మంచం దిగడం లేదు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "ఆఫీసులో లోపం ఏటే?" అంది.

"మా బాస్ పాటలు పాడతాడు మామ్మా."

"నాలాగా?"

"నీకంటే ఘోరంగా."

"అయితే మంచోడే."

సమాధి దగ్గర నుంచి వచ్చాక ఇంట్లో చోటు చాలలేదు. ఆవిడ చూపులకి తీసుకెళ్ళిన పిల్లలంతా మెట్ల మీద కూర్చున్నారు. ఒకమ్మాయి నర్సు, ఒకడు బ్యాంకులో, ఆ లావు కుర్రాడు పెళ్ళిళ్ళకి వంటలు పెడుతున్నాడు. ఎవరి చూపుల కథ వాళ్ళు చెబుతుంటే నవ్వులు మేడ మీదికి వినబడ్డాయి. మందలిద్దామని వచ్చిన పాస్టరుగారు కాసేపు విని, ఆయనా ఒక మెట్టు చూసుకుని కూర్చున్నారు.

అంతలో పక్క సందులోంచి ఒకావిడ కూతురిని తీసుకుని వచ్చింది. ఊరి నుంచి అప్పుడే దిగారట, సంగతి గుమ్మంలోనే తెలిసింది. "మంచం దిగ్గానే మా పిల్లకి కాలేజీ సూత్తానన్నారు పంతులమ్మగారు..." అని అక్కడితో ఆగిపోయింది. మెట్ల మీద అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల తల వంచుకుని చున్నీ కొస మెలిపెడుతోంది.

నా మనవరాలు మెట్టు మీద ఒక పక్కకి జరిగి, ఖాళీ అయిన చోటు అరచేత్తో తుడిచింది.

"రా, కూకో" అంది. "నీకేటి సదవాలనుంది?"