టీచరుగారి ఉన్ని చెప్పులు

మా పక్కింటి టీచరుగారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర మిర్చి లారీల నంబర్లు రాసుకుంటున్నాను. "అక్కా, అమ్మ లేదు. పొద్దున కాఫీ తాగుతూ తాగుతూనే ఒరిగిపోయింది," అంది. వస్తున్నానమ్మా అన్నాను. ఆ తర్వాత కూడా లారీలు ఆగలేదు, నేనూ రాయడం ఆపలేదు. మిర్చి సీజన్లో ఏడవడానికి కూడా సెలవు పెట్టుకోవాలి. మధ్యాహ్నం పర్మిషన్ తీసుకుని ఇంటికొస్తే చర్చివాళ్ళు ముందుగది నిండా కూర్చుని పాటలు పాడుతున్నారు. ఆవిడ చేతులు గుండెల మీద పెట్టి ఉన్నాయి. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

సత్తెనపల్లిలో ఆవిడ దగ్గర క్రోషా నేర్చుకోని ఆడపిల్లలు మా ఈడువాళ్ళలో తక్కువ. మిషన్ స్కూల్లో కుట్లూ అల్లికలూ చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఊరుకోవచ్చుగా? మనవరాలు ఫోన్లో చూపించిన వీడియో ఒకటి ఆవిడ బుర్రలో దూరింది. ఊలుతో వదులుగా, కావలసినదానికన్నా పెద్దదిగా అల్లి, వేడినీళ్ళలో సబ్బు పెట్టి రుద్దితే అల్లికంతా బిగుసుకుని కంబళిలా దట్టంగా తయారవుతుందట. బజార్లో ఊలు ఉండలు కొని, ఒక టోపీ అల్లి, వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచి పెరట్లో గంగాళం పెట్టారు. అందరం చేతులు నొప్పులు పుట్టేదాకా పిసికాం. టోపీ రంగు వెలిసిందే గానీ బిగుసుకోలేదు.

పత్తి పండించే ఊరివాళ్ళం కదా, మా అమ్మ తన తెలివి తను చూపించింది. "కొత్త కాటన్ జాకెట్టు ఒక్క ఉతుక్కే పట్టకుండా పోద్ది గదా టీచరమ్మా, నూలు దారంతో అల్లి చూడండి," అంది. అల్లారు. ఉడకబెట్టారు కూడా. అది గిన్నెలు పట్టుకునే మసిగుడ్డలా సాగి బయటికొచ్చింది. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆవిడే.

షాపుల్లో ఊలని అమ్మేదాంట్లో చాలావరకు ప్లాస్టిక్ దారమేనని తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో అగ్గిపెట్టె చేరింది. షాపులో పోగు తెంపి వెలిగించేవారు. ముద్దలా కరిగితే ప్లాస్టిక్, వెంట్రుకలు కాలిన కంపు కొడితే అసలు ఉన్ని. "టీచర్‌గారూ, మీకు దణ్ణం పెడతానండి, కొట్టు తగలబెట్టకండి," అని షాపాయన మొత్తుకునేవాడు. "కంపు కొట్టేది ఒక్కటైనా పెట్టవయ్యా నీ కొట్లో," అనేవారు ఈవిడ. చివరికి అసలు ఉన్ని పత్తి చేలల్లో దొరికింది. పత్తి తీసేశాక ఎరువు కోసం రైతులు గొర్రెల మందల్ని చేలల్లో నిలిపిస్తారు. ఆ మందలతో వచ్చిన ఒక ముసలామె, కంబళ్ళకని తను వడికిన నల్లదారం ఇచ్చింది. గరుకు, పైగా గొర్రెవాసన. టీచరుగారు దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చారు.

మా అమ్మకి షుగర్. పాదాలకి స్పర్శ లేదు. కిందటి వేసవిలో మిట్టమధ్యాహ్నం డాబా మీద మిరపకాయలు తిరగేయడానికి ఉత్త కాళ్ళతో వెళ్ళింది. అరికాళ్ళు బొబ్బలెక్కినా తనకి తెలియలేదు. కిందికి దిగాక గచ్చు మీద తడి అడుగులు చూసి నేను కనిపెట్టాను. పుండు మానడానికి నెలలు పట్టింది. ఇంకోసారి ఇలా అయితే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పారు. రబ్బరు చెప్పులు కాలినుంచి జారిపోయినా అమ్మ అలాగే నడిచిపోతుంది. పొద్దున్నే కట్టు మార్చడం, డ్యూటీకి పోవడం, రాగానే ముందు పాదాలు చూడటం, చీవాట్లు పెట్టడం. అలిసిపోయాను. ఆ మాట టీచరుగారితో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఆవిడ ఓదార్చలేదు. "అమ్మ పాదం కొలత పట్టుకురా," అన్నారు, అంతే. ఆ నల్ల ఉన్నితో పాదమంతా కప్పే చెప్పులు అల్లడం మొదలుపెట్టారు. అల్లాక చూస్తే అవి పడవల్లా ఉన్నాయి. "ఏనుక్కి చేశారా టీచర్?" అన్నాను. ఒకదాన్ని బట్టలుతికే బండ మీద పెట్టి, కుంకుడు నురగ పోసి, ఒకసారి వేడినీళ్ళు, ఒకసారి చన్నీళ్ళు గుమ్మరిస్తూ ఇద్దరం రుద్దాం. నేను ఆగి ఆగి కొలుస్తుంటే, "చిన్నదైపోతోందని బెంగపడకమ్మా, గట్టిపడుతోంది," అన్నారు. అల్లిక గళ్ళు కనపడకుండా పోయాక ఆపారు. రెండోది మొదలుపెట్టబోతే నన్ను ఎగాదిగా చూసి, "ఆదివారం చేద్దాంలే. నీ మొహం చూస్తే ముందు నిన్ను ఆరేయాలనిపిస్తోంది. పోయి పడుకో," అన్నారు. ఆ ఆదివారానికి ఆవిడ లేరు.

ప్రార్థనలవీ అయ్యాక వాళ్ళమ్మాయి రెండు చెప్పులూ సంచిలో తెచ్చిచ్చింది. తయారైనదొకటి, పడవలాంటిదొకటి. తయారైనదాన్ని అమ్మ కాలికి తొడిగాను. మడమ దగ్గర వదులు. కొలత తీసినప్పుడు పాదం వాచి ఉంది, ఇప్పుడు వాపు తీసింది. నడిపించి చూస్తే నాలుగడుగుల్లోనే జారిపోయింది. అమ్మ చూసుకోకుండా ముందుకు వెళ్ళిపోయింది. 

"దీన్ని మళ్ళీ నీళ్ళలో వేయాలమ్మా," అన్నాను.

"వద్దే. ఆవిడ చేత్తో చేసిన ఆఖరిది. పెట్లో దాచుకుందాం."

"దాచుకుంటే నీ కాలికేం వేస్తానే?" అని అరిచాను. అరిచాక నాకే జాలేసింది, తన మీదా, నా మీదా. ఎక్కువ రుద్దితే ఉన్ని మళ్ళీ సాగదు. మందలు తిరిగొచ్చేదాకా ఆ దారమూ దొరకదు. ఇక చాలు అని చెప్పేవాళ్ళు పక్కన లేరు.

రెండూ ఒకే గంగాళంలో వేశాను. దాన్ని కాసేపు, దీన్ని కాసేపు రుద్దాను. మధ్యమధ్యలో తడి చెప్పులే అమ్మ కాలికి తొడిగి మడమ లాగి చూశాను. ఇక జారడం లేదనిపించాక ఆపాను. కాగితాలు కుక్కి వసారాలో నీడన పెట్టాను.

మర్నాడు అమ్మ మంచం మీంచి వంగి చూసింది. "వీటిల్లో టీచరమ్మ చేసింది ఏదే?" అంది.

తిప్పి చూశాను. అంచులు వేలితో తడిమాను. తెలియలేదు. ఏడుపొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

అమ్మ రెండు కాళ్ళూ మంచం కిందికి దించి, నా వైపు చాపి, "ఆరినయ్యేమో చూడు," అంది.