నా బిడ్డ ఫోటో కింద ఆమేన్లు

నా జోయెల్ నెలలు నిండకుండా పుట్టాడు, సహోదరులారా. ముక్కులో గొట్టం, చేతికి సూది, విశాఖపట్నం ఆసుపత్రిలో అద్దానికి అవతల వాడు, ఇవతల నేను. ఎత్తుకునే వీలు కూడా లేదు. ఆ భయంలో నాకు తోచింది ఒక్కటే, అద్దంలోంచి వాడి ఫోటో తీసి నా సోషల్ మీడియా అకౌంటులో పెట్టి, నా బిడ్డ కోసం ఒక్క ఆమేన్ చెప్పండి అని రాశాను. సాయంత్రానికి వందల ఆమేన్లు వచ్చాయి. ముఖం తెలియని అక్కలు, అన్నలు, ఏ ఊరివాళ్ళో కూడా తెలియదు, ఒక్కొక్కటి చదువుతుంటే ఎవరో నా వీపు నిమిరినట్టుండేది. ఆ ప్రార్థనలు దేవుడు వినలేదని నేను ఈరోజుకీ అనను. ఇరవై రెండో రోజున బిడ్డను నా చేతికిచ్చారు, దేవునికే మహిమ.

బిడ్డ బాగుపడ్డాడు గానీ నేను బాగుపడలేదు. అనకాపల్లి ఇంటికి వచ్చాక వాడు తుమ్మితే ఒక ఫోటో, పాలు కక్కితే ఒక ఫోటో పెట్టేదాన్ని. ఆమేన్లు తక్కువగా వచ్చిన రోజు బిడ్డకు ఏదో అవుతుందని గుండె దడదడలాడేది. మోకాళ్ళ మీద ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఫోను తీసి చూసుకునేదాన్ని. డిగ్రీ చదివినదాన్ని, అది విశ్వాసం కాదని తెలియక కాదు, చెయ్యి ఆగేది కాదు. మా అత్తమ్మ పక్కన కూర్చుని మెల్లగా అనేది, "ఏటమ్మా, బిడ్డ నీ ఒళ్ళోనే ఉంటే ఆడి బొమ్మని సూత్తన్నావు? ఆడు ఇక్కడ నిజంగానే నవ్వుతన్నాడు." నేను విసుక్కునేదాన్ని. ఆమె నన్ను ఒక్కనాడూ విసుక్కోలేదు.

వాడికి పదో నెల నడుస్తుండగా రాంబిల్లిలో మా ఆడపడుచు ఇంటికి గృహకూడికకు వెళ్ళాం. ప్రార్థన విన్నపాలు చెప్పే వేళ ఒక పెద్దామె తన ఫోను అందరికీ చూపిస్తూ కన్నీళ్ళు పెట్టుకుంది. "ఈ పిల్లోడు సావుబతుకుల్లో ఉన్నాడంట, తల్లి కూడా పోయిందంట. రోజూ ఈడి కోసం పరలోక తండ్రిని అడుగుతన్నాను." చూద్దును కదా, అది నా జోయెల్. ఆసుపత్రి అద్దంలోంచి నేను తీసిన ఫోటోనే. ఎవరో దాన్ని తీసుకుని, వేరే పేరు పెట్టి, నన్ను చంపేసి, ఆమేన్ చెప్పకుండా దాటిపోయిన వారికి కీడు జరుగుతుందని కూడా రాశారు. ఆ సమయానికి నా జోయెల్ ఆమె చీర చెంగు పట్టుకుని నములుతున్నాడు.

"ఆ బిడ్డ వీడేనమ్మా, ఆ తల్లిని నేనే" అన్నాను.

ఆమె ఫోను చూసింది, వాడిని చూసింది, నన్ను చూసింది. "మరి ఇన్నాళ్ళూ నానెవరి కోసం ఏడిసేనే?" అని నవ్వేసి వాడిని ముద్దులతో ముంచేసింది. అందరూ నవ్వారు. నేను మాత్రం పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. "ప్రభువా, నీ చేతికి ఇవ్వాల్సిన బిడ్డను లోకం చేతికి ఇచ్చాను, నన్ను విడిపించు" అని అడిగాను.

మర్నాడే అకౌంటు శాశ్వతంగా మూసేయబోయాను. మా సంఘంలో కెజియా అక్క అని ఉంది, కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది, ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండవే పిల్లా, ఇల్లు ఖాళీ చేసేముందు లోపల ఏటున్నాయో చూసుకోవా? అసలు ఫోటో నీ అకౌంటులో ఉందని చూపిస్తేనే కదా ఆ దొంగ ఫోటోలు తీయించగలం." నా తొందర నాకు ఎంత నష్టం చేసేదో అప్పుడు అర్థమైంది. ఇద్దరం రెండు వారాలు కూర్చున్నాం. పదకొండు చోట్ల ఆ ఫోటో దొరికితే, ఇది నాది అని ఒక్కోచోటా ఫిర్యాదు పెట్టాం, తొమ్మిది చోట్ల తీసేశారు. జోయెల్ మొదటిసారి కిలకిలా నవ్విన వీడియో ఆ అకౌంటులో తప్ప ఎక్కడా లేదు, నా పాత ఫోను నీళ్ళలో పడి పోయింది మరి, అందుకని అన్నీ కాపీ దింపి పెన్‌డ్రైవులో ఒకటి, మా ఆయన ల్యాప్‌టాప్‌లో ఒకటి దాచాం. తెరిచి చూసుకున్నాకే నమ్మాం. మా యౌవనస్థుల పేజీకి అడ్మిన్ నేనొక్కదాన్నే, నేను పోతే అది దిక్కులేనిదవుతుంది, అందుకే కెజియా అక్కను అడ్మిన్ చేశాను. ఆ అకౌంటుతోనే లాగిన్ అవుతున్న యాప్‌లన్నిటికీ, బాబు టీకాలు రాసుకునేదానితో సహా, వేరే లాగిన్ పెట్టుకున్నాను. కావలసినవాళ్ళకు నా నంబరు ఇచ్చి, ఇకమీదట నా పేరుతో ఎవరైనా పలకరిస్తే అది నేను కాదని చెప్పాను. అప్పుడు మా ఆయన బాబును ఎత్తుకుని ప్రార్థన చేస్తుంటే అకౌంటు మూసేసే బటన్ నొక్కాను.

అయినా వెంటనే పోదు. ముప్పై రోజులు ఆగాలి, ఈలోగా ఒక్కసారి లాగిన్ అయినా మూసివేత రద్దయిపోతుంది. యాప్ తీసేశాను గానీ పాస్‌వర్డ్ నా వేళ్ళకు వచ్చు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం జోయెల్ ఒళ్ళు కాలిపోయింది. మా ఆయన కంపెనీలో షిఫ్టులో ఉన్నారు, ఫోను ఎత్తలేదు. నేను యాప్ మళ్ళీ వేసేశాను సహోదరులారా, దాచడం ఎందుకు, పాస్‌వర్డ్ సగం కొట్టాను. అత్తమ్మ తడిగుడ్డ పట్టుకుని వచ్చి నా చేతిలోకి చూసింది. "ఇలా రా, ఆడి కాళ్ళు పట్టుకో. ఇద్దరం సాలు" అంది. నేను ఫోను మంచం మీద పడేశాను.

"తండ్రీ, ఈడు నీవోడు. డాక్టరు దగ్గరికి తీసుకెల్తన్నాం, నువ్వు ముందు నడు" అని ఆమె ప్రార్థించింది. ఆ రోజు నా బిడ్డకు ఒకే ఒక్క ఆమేన్ దొరికింది, అది నాది. ఆటోలో వెళ్తుంటే నా గుండె దడ తగ్గిపోయిందని మెయిన్ రోడ్డు దాటాక గానీ గమనించలేదు. చెవిలో చీము అన్నారు, మందులిచ్చారు, మూడో రోజుకు వాడు అత్తమ్మ ముక్కు పట్టుకు లాగుతున్నాడు. ముప్పై రోజులు దాటాక కెజియా అక్క తన ఫోనులో నా పేరు వెతికితే ఎవరూ లేరని వచ్చింది.

ఫోను పాపమని నేను చెప్పడం లేదు. భయంతో వందలమందిని పిలిచి, పిలవకుండానే పక్కన ఉన్న ప్రభువును మరచిపోయానని చెబుతున్నాను. నాలాగే బిడ్డ కోసం వణికే తల్లులు ఎవరైనా ఉంటే, ఆయన్ని నమ్మండి, పక్కింటి చెల్లిని పిలుచుకుని ఇద్దరూ మోకరించండి, ఆయన వింటాడు. నన్ను విడిపించిన నా యేసయ్యకు స్తోత్రం.

ఇంకో రెండు చోట్ల ఆ ఫోటో అలాగే ఉంది. మీ ఫోనుకు వస్తే ఎవరికీ పంపకండి, ఏడవకండి. ఆ బిడ్డ బతికే ఉన్నాడు. ఆదివారం ఆరాధనకు వస్తే చాప మీద మా అత్తమ్మ పక్కనే ఉంటాడు, వచ్చి ఎత్తుకోండి.