ఉరుము గొంతుకు నప్పిన పాట

టైర్ల షాపులో కంప్రెసర్ మోతను మించి అరిచి అరిచి అతని గొంతు లావెక్కింది. "వెనక చక్రంలో గాలి తక్కువుంది!" అని అతనంటే అవతలి రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి తమ చక్రాలు చూసుకునేవాళ్లు. అందుకే వీధంతా అతన్ని ఉరుము అని పిలిచేది. మనిషి మాత్రం వెన్న. ఆసుపత్రిలో నర్సుగా చేసే భార్య ఇంటికొచ్చే వేళకు ఆమె కాళ్లకు వేణ్ణీళ్లు కాచి పెట్టేవాడు.

గుండె విప్పి పాడే సోల్ బాణీ పాట ఒకటంటే ఆమెకు ప్రాణం. తప్పు చేసిన మొగుడు గడప బయట నిలబడి తలుపు తియ్యమని బతిమాలే పాట. మెల్లగా మొదలై, చివరికొచ్చేసరికి గుండె పగిలినట్టు పైకి లేస్తుంది. బట్టలు మడతపెడుతూ రోజూ అదే కూనిరాగం. రాబోయే పెళ్లిరోజుకు ఆమెను బజారులో కొత్తగా తెరిచిన, తెర మీద మాటలు చూస్తూ వాయిద్యానికి ఎవరైనా పాడుకునే కరోకే హాలుకు తీసుకెళ్లి, ఆ పాట తనే పాడి వినిపించాలని ఉరుము పంతం పట్టాడు.

బేరాలు లేని మధ్యాహ్నం చూసి షాపులో సాధన మొదలుపెట్టాడు. అప్పుడే అన్నం క్యారేజీ తెచ్చిన అత్తగారు దాన్ని గుమ్మంలోనే వదిలేసి లోపలికి పరుగెత్తింది.

"ఏమైంది బాబూ? జాకీ జారిందా? కాలు నలిగిందా?"

"పాటండీ అత్తయ్యా," అన్నాడు తల దించుకుని. సంగతంతా చెప్పాడు.

ఆమె నవ్వలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ముఖాలు కనపడని గొంతులతోనే జీవితమంతా గడిపింది. హలో అన్న తీరును బట్టి అవతలివాళ్లు ఏడ్చి ఫోను చేశారో, అబద్ధమాడబోతున్నారో పసిగట్టేది. పడుకోబెట్టిన టైరు మీద చీర సర్దుకుని కూర్చుంది.

"మొదలు వద్దు. ఆ చివరి కేక పాడు ముందు. కొండ ఎక్కలేనివాడికి కొండ కింద దారి నున్నగా ఉంటే ఏం లాభం?"

పాడాడు. మెడ నరాలు తేలాయి. పక్క షాపు మంగలి కత్తెర ఆపి తొంగి చూశాడు.

"గొంతు ఎలా ఉంది?"

"కాస్త మంటగా ఉందండీ."

"అయితే ఇది నీది కాదు. పాట అయ్యాక దాహమెయ్యాలి గానీ మంట పుట్టకూడదు."

"మీ అమ్మాయికి ఇదే ఇష్టం కదా!"

"దానికి ఇష్టమైన చీర నువ్వు కట్టుకుంటావా?"

ఉరుము పాట మానేసి పానా అందుకున్నాడు. కానీ ఆమె అతన్ని అక్కడితో వదల్లేదు. మర్నాటి నుంచి భార్య డ్యూటీలో ఉన్నప్పుడు ఇద్దరూ వంటింట్లో కూర్చుని పాటలు వెతకసాగారు. ఒకటి మరీ పరుగు. సగంలోనే అతనికి ఊపిరి అందలేదు. ఇంకొకటి గొంతుకు హాయిగానే ఉంది గానీ అత్తగారే పెదవి విరిచింది.

"ఇందులో వాడు కోతలు కోస్తున్నాడు. నీకు కోతలు కొయ్యడం వచ్చా? రాగం తీసేసి, మాటల్ని మామూలుగా చెప్పు చూద్దాం. మా అమ్మాయి ఎదురుగా కూర్చుందనుకో."

చెప్పబోయి సిగ్గుతో నవ్వేశాడు. దాన్నీ పక్కన పెట్టేశారు.

చివరికి ఒక నెమ్మది పాట దొరికింది. పని నుంచి ఆలస్యంగా వచ్చినవాడు, నిద్రపోతున్న భార్యను లేపలేక మంచం పక్కనే కూర్చుంటాడు. అంతే కథ. ఉరుము ఆ మాటలు చెబుతుంటే గొంతు దానంతటదే దిగిపోయింది.

"ఈ గొంతు నాకు తెలుసు బాబూ," అంది అత్తగారు. "మా అమ్మాయి జ్వరంతో పడుకున్నప్పుడు నువ్వు దానితో మాట్లాడుతుంటే పక్కగదిలోంచి విన్నాను. ఇదే పాడు."

పెళ్లిరోజు సాయంత్రం హాల్లో అతను మైకు అందుకున్నాడు. వాయిద్యం కొంచెం ఎత్తుగా ఉందని అత్తగారు ముందే హాలువాళ్లతో చెప్పి శ్రుతి తగ్గింపించింది. రెండో చరణంలో తెర చూడ్డం మానేసి భార్యను చూశాడు. ఒక లైను ఎగిరిపోయింది. ఆపకుండా తర్వాతి లైను అందుకుని చివరిదాకా పాడాడు. చప్పట్లు ఓ మోస్తరుగా వచ్చాయి. భార్య మాత్రం కొట్టలేదు, చెంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"హమ్మయ్య!" అంది అతను వచ్చి కూర్చోగానే చెయ్యి పట్టుకుని. "నాకిష్టమైన ఆ కేకల పాట ఎత్తుకుంటారేమోనని భయపడి చచ్చాను. మంగలాయన అంతా చెప్పేశాడు."

అంతలోనే ఆమెకు హుషారొచ్చింది. ఏ పాట నప్పుతుందో, ఏది నప్పదో ఒక్క క్షణం ఆలోచించలేదు. తెర మీద పైనున్న పాట నొక్కి, మైకు లాక్కుని, గెంతుతూ పాడింది. శ్రుతి ఒక దారి, ఆమె ఒక దారి. హాలంతా నవ్వుతోంది. అత్తగారు మాత్రం లేచి నిలబడి చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది.

ఉరుము ఆమె చెవి దగ్గరకు వంగాడు. "అత్తయ్యా, ఇంతకీ ఎలా ఉందండీ?"

"కాకిపిల్ల కాకికి ముద్దు. నువ్వూ లేచి కొట్టు," అంది ఆమె.