పేషెంట్లు లేని దవాఖాన

మా ప్రాజెక్టు నెలాఖరుకు మూతపడుతుందని ఆఫీసులో చెప్పగానే నాకు గుర్తొచ్చింది మణికొండ హాస్టల్లో కిటికీ పక్క మంచం, దాని కింద పేర్చుకున్న పుస్తకాలు. వేరే ఉద్యోగం దొరక్కపోతే అవన్నీ సర్దుకుని అనంతపురం వెళ్లిపోవాలి.

నా గదిలో ఉండే అక్క సిద్దిపేట వైపు మనిషి. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో, వచ్చిన రెజ్యూమెలు చూసి మనుషులను ఎంపిక చేయడం ఆమె పని. వాళ్ల దగ్గర కస్టమర్ల కోసం సహాయ పేజీలు రాసే ఉద్యోగం ఖాళీగా ఉందని, నా రెజ్యూమె తానే పంపుతానని అంది. ఆదివారం పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఫోన్‌లో చూపించాను.

నేనైతే ఏది చదివినా మొదటి వాక్యం దగ్గర కాసేపు ఆగుతాను. ఆమె మొదటి పేరాను వేలితో అలా పైకి తోసేసింది.

"కష్టపడే తత్వం, తొందరగా నేర్చుకునే గుణం... ఇది ఎవరిదే?"

"నాదే అక్కా."

"నీది గాదు, మీ కోచింగ్ సెంటర్‌ది. ఆడ కూసున్నోళ్లందరికీ గిదే ఉంటది. గీ హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నువ్వే చేసినవా?"

"కోచింగ్‌లో మా బ్యాచ్ అంతా చేశాం."

"మీరంత కలిసి కట్టిన దవాఖానలు నాకు రోజూ వస్తనే ఉంటయి. ఒక్కదాంట్ల గూడ పేషెంట్ లేడు."

నవ్వొచ్చింది, భయమూ వేసింది. "మరి నువ్వు ఏం చూస్తావక్కా?" అని అడిగాను. చదివేవాళ్ల కళ్లు ఎక్కడ ఆగుతాయో నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

తడి చున్నీ పిండుతూ చెప్పింది. "నువ్వు రాకముందు ఎట్లుండె, నువ్వొచ్చినంక ఎట్లయింది. గంతే. చెప్పు, ఆఫీస్‌ల ఏం జేస్తవ్?"

"కస్టమర్లకు చాట్‌లో జవాబులు ఇస్తాను."

"అది అందరు జేస్తరు. నువ్వేం జేస్తవ్?"

బట్టలు ఆరేస్తూనే ఆఫీసు సంగతి చెప్పాను. మాకు ముందే రాసిపెట్టిన జవాబులు ఇస్తారు. ప్రశ్న రాగానే అతికించాలి. పార్సెల్ ఆలస్యానికి ఇచ్చే జవాబు ఎంత మర్యాదగా ఉండేదంటే, పార్సెల్ ఏ రోజు వస్తుందో చివరిదాకా తెలిసేది కాదు. జనం మళ్లీ అదే అడిగేవారు. ఆ వాక్యాలు నాకు అన్నంలో రాళ్లలా తగిలేవి. ఖాళీ దొరికినప్పుడల్లా తిరగరాసి, క్షమాపణను కిందికి జరిపి, అసలు సంగతిని ముందుకు తెచ్చాను. మెల్లగా పక్కవాళ్లూ నావే అతికించసాగారు. మళ్లీ అడిగేవాళ్లు తగ్గారు.

"అది పనేనా అక్కా? చదవబుద్ధి కాక మార్చాను."

"అరె పిచ్చిదానా, మా కంపెనీకి కావల్సిన పనే గదే అది! ముందుగాల గిది రాయి."

రాయడానికి కూర్చుంటే, నా గురించి నేను చెప్పుకోవడం నలుగురిలో గట్టిగా మాట్లాడినట్టే ఉంది. మా టీమ్ మార్చిందని రాశాను.

"టీమ్ మార్చిందా? ఇంటర్వ్యూకు టీమ్‌నే తోలియ్యి మరి," అంది అక్క.

దిద్దాను. పాత జవాబు, నా జవాబు పక్కపక్కనే పెట్టాను. దవాఖాన తీసేశాక సగం పేజీ ఖాళీ అయింది.

"ఉండనియ్. చదివేటోళ్లను జర ఊపిరి తీసుకోనియ్."

బుధవారం ఆఫీసులో ఉండగా ఫోన్ వస్తే మెట్ల దగ్గరికి పరుగెత్తాను. అక్క వాళ్ల కంపెనీ నుంచి ఒకావిడ. "మీ రెండు జవాబులూ చదివానండి. క్షమాపణ చివరికి ఎందుకు జరిపారు?"

అలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "పార్సెల్ ఎప్పుడొస్తుందో తెలిశాకే క్షమాపణ వినబుద్ధవుతుందండి," అన్నాను.

ఆమె నవ్వి, శుక్రవారం ఇంటర్వ్యూకు రమ్మంది. ఎన్నింటికో అడగడం మరిచిపోయి, మా పాత జవాబుల్లాంటివి మీ దగ్గర కూడా ఉన్నాయా అని అడిగాను.

"బోలెడున్నాయండి," అంది.