ఠక్కుమనే కెమెరా

ఈ రోజు నర్సయ్య మామకు తోడుగా కెమెరా దుకాణానికి వెళ్లాను. మామ మా భవాని పేట్‌లో ముప్పై ఏళ్లుగా పవర్‌లూమ్ నడుపుతున్నాడు. మగ్గాలకు సెలవు రోజున దోస్తులతో కుందేళ్ల వేటకు పోతాడు. ఇకనుంచి వేటకు కెమెరా కూడా తీసుకెళ్తాడట.

దుకాణదారు కొత్త కెమెరా ఒకటి చూపించాడు. "బిల్కుల్ చప్పుడు రాదు కాకా. శికారుకు ఏక్‌దమ్ బెస్ట్."

మామ దాన్ని నొక్కి చూసి పక్కన పెట్టేశాడు. అటక మీదున్న పాత కెమెరా దింపించి, చెవికి ఆనించుకుని నొక్కాడు. ఠక్కుమంది.

"గిదే కావాలె."

"గీ మోతకు కుందేలు ఉరుకుతది గదా మామా!" అని అరిచాను.

"ఉరకనీ రా. మగ్గాల కాడ నా చెవులు ఎప్పుడో పోయినయ్. పొదల అలికిడైతే కుందేలో మనిషో తెల్వక, రెండేండ్ల సంది బందూకు ముడ్తలే. గిదన్న నొక్కినట్టు నాకు ఎర్కవడాలె గదా."

మా పేటలో మగ్గాల హోరుకు అందరం అరుచుకునే మాట్లాడుకుంటాం. అందుకే ఆయనకు వినబడదని ఇన్నాళ్లూ మాకెవరికీ తెలియలేదు.

రీలు కడిగిస్తే అన్నీ ఖాళీ పొదలే వస్తాయని తెలిసి కూడా, ఆ ఠక్కుమనేదే ఇప్పించాను. మీరైతే ఏది ఇప్పించేవారు?