దొరసానికి గొర్రె పేగు

ఇది మహాకావ్యానికి తగిన కథ. ఇందులో గోదావరి వరద ఉంది, రెండు విల్లులు ఉన్నాయి, ఒక మరణం ఉంది. అయినా మొదట్లోనే ఒప్పుకోవడం మంచిది: ఇది ఒక గొర్రె పేగు గురించి.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడు, శ్రావణంలో, నన్ను కొత్తపేట దగ్గర కాలువ తవ్వకాలకు దుబాసీగా వేశారు. దొర ఇంగ్లీషులో తిట్టింది కూలీలకు తెలుగులో, కూలీలు తెలుగులో తిట్టింది దొరకు మర్యాదగా చెప్పడం దుబాసీ పని. హోదాలో గుమాస్తాకు కింద, డవాలా బంట్రోతుకు పైన. కొన్నేళ్లు చేసి ముప్పై రెండో ఏట విరమించాను. కారణం చివర్లో చెబుతాను. గొప్ప కారణం కాదు.

మా అసిస్టెంటు ఇంజనీరు దొరగారి దగ్గర వయోల ద గాంబ అనే వాద్యం ఉండేది. గాంబ అంటే ఇటలీ వాళ్ల భాషలో కాలు అట. ఫిడేలును పెద్దది చేసి, ఆరు పేగు తంతులు బిగించి, పిక్కల మధ్య ఇరికించి విల్లుతో వాయించాలి. వీణకు లాగే మెట్లుంటాయి గాని మైనంలో పాతినవి కావు, పేగుతో చుట్టి కట్టినవి. అది దొరసానిగారి తండ్రిది. నూట యాభై ఏళ్ల కిందటి రాజకొలువుల బాణీ అనీ, ఇప్పుడు తమ దేశంలోనే వినేవాళ్లు లేరనీ దొర చెప్పారు. అందుకే కొత్తపేట తెచ్చారన్నమాట అనుకున్నాను. అది మాత్రం అనువదించలేదు.

ఆ నెలలోనే దొరసానికి చలిజ్వరం పట్టుకుంది. వరదకు పడవలు ఆగిపోయి రాజమండ్రి డాక్టరు రాలేకపోయారు. నాలుగు రోజులుగా ఆమెకు కునుకు లేదు. తండ్రి వాయించే పాట ఒకటి వింటే నిద్ర పడుతుందని అడిగింది. ఆ పాటకు ఆధారం అడుగు తంతి, ఆరింటిలో లావుది. అది వానల తేమకు అంతకు ముందు వారమే తెగింది. కొత్తది మద్రాసు నుంచి రావాలంటే నెలలు. ఆమెకు అంత గడువు లేదని దొరకూ తెలుసు, నాకూ తెలుసు.

గొర్రె పేగుతో పేనిన తాడు ఎక్కడున్నా తెమ్మని నాకు ఉత్తర్వు. "దొరసానికి గొర్రె పేగు కావాలి" అని చెప్పి బంట్రోతును ఊళ్లోకి పంపాను. మధ్యాహ్నానికి ఊరి పెద్ద నలుగురిని వెంటేసుకుని బంగళాకు వచ్చాడు.

"ఏవండీ పంతులుగారూ, అమ్మగారి పేగు తీసేసి గొర్రెది ఏస్తున్నారంట కదండీ?"

"కాదండీ. ఫిడేలుకి."

"ఫిడేలుకీ జొరమేనాండీ?"

వాళ్ల వెనక దూదేకుల మస్తాన్ ఉన్నాడు. పరుపుల దూది ఏకే ముసలాయన. ఆయన విల్లు మనిషి కన్నా పొడుగు. దానికి బిగించే నారి గొర్రె పేగుదే. కొయ్య గుండుతో నారిని కొడుతుంటే దూది ఎగిరి విడిపోతుంది. నారి లేకపోతే ఆ విల్లు ఉత్త గెడకర్ర. నారి ఇస్తారా అని అడిగాను.

"ఆయ్, ఉన్నదొకటేనండి. ఈ వానల్లో దూది ముద్దైపోద్ది, ఎలాగూ పన్లేదు. ఎండలొచ్చేసరికి ఇచ్చెయ్యాలి మరి."

"ఇస్తాం."

"మీరు కాదండి. దొరగారిచేత అనిపించండి."

అనిపించాను. నారి పొడుగెక్కువని దొర మూడు మూరలు కోసేశారు. మస్తాన్ ఆ ముక్కను మూరేసి చూసుకున్నాడు. తంతి బిగించాక మొదటి స్వరం దూడ అరిచినట్టు వచ్చింది. మస్తాన్ దగ్గరికెళ్లి వేలితో మీటి, "ఇంకో చుట్టు" అన్నాడు. దానికి నా అవసరం రాలేదు.

దొర విల్లు అందుకున్నారు. పాట మొదలైంది. అడుగు తంతి మీద నాలుగు స్వరాలు మెట్టు మెట్టుగా దిగుతాయి. మళ్లీ పైకొచ్చి అవే దిగుతాయి. వాటి మీద పై తంతులు ఏదో కొత్తది చెబుతూ ఉంటాయి. మొదట విసుగొచ్చింది. తరవాత మా కాలువ గుర్తొచ్చింది. గంపలతో కూలీలు గోతిలోకి దిగుతారు, ఎక్కుతారు, మళ్లీ దిగుతారు. గట్టు మీద మాత్రం మట్టి పెరుగుతూ ఉంటుంది. అలా అర్థం చేసుకున్నాక పాట ఆగకూడదనిపించింది.

గుమ్మంలో కూచున్న మస్తాన్ అన్నాడు: "ఈయనా ఏకుతున్నారండి. దూది కనపట్టం లేదంతే."

ముసలాయన ఏమన్నాడని దొరసాని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వింది. కాసేపటికి నిద్రపోయింది. నా ఉద్యోగంలో ఒక్క మాటా పొల్లుపోని అనువాదం అదే.

మూడో రోజు పొద్దున ఆమె పోయింది. వరద తీయడానికి ఇంకా అయిదు రోజులు పట్టింది. డాక్టరు వచ్చి, ఎవరికీ జ్వరం లేదని చూసుకుని, భోంచేసి వెళ్లారు.

ఎండలు రాగానే దొర తనే ఆ తంతి విప్పి నా చేతికిచ్చారు, కోసిన ముక్కతో సహా. మస్తాన్ రెండూ విల్లుకు ఆనించి చూసుకున్నాడు.

"చిన్న విల్లు కట్టుకుంటా లెండి. పరుపులకి పనికిరాదు. దిండ్లకి సరిపోద్ది."

దొర బదిలీ మీద వెళ్లిపోయారు. కొన్నేళ్లకు అదే జ్వరం నాకూ వచ్చింది. జ్వరమూ, దానికిచ్చిన చేదు మందూ కలిసి నా చెవులు పట్టుకుపోయాయి. వినపడని దుబాసీకి సర్కారులో ఖాళీలు లేవు. ఇప్పటికీ ఆ నాలుగు స్వరాలే చెవుల్లో మోగుతున్నాయని రాస్తే బాగుంటుంది. మోగేది ఈగ రొద.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఒకటుంది. పేగు తంతి తేమకు ఉబ్బి బిగుసుకుంటుంది. వానాకాలంలో వాయించడం అయ్యాక తంతి బిగించే బిరడా రెండు చుట్లు వదులు చేసి పెట్టాలి.