చుక్కల గీత

ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ బొమ్మలో ఒక గీత లేకపోయినందుకు మామయ్య ఉద్యోగం పోయింది. ఆ గీత ఆయన గీశాడు. మేనేజరు చెరపమంటే చెరిపాడు. ఏడాది తిరక్కుండా అదే మేనేజరు, "ఇది డ్రాఫ్ట్స్‌మన్ అజాగ్రత్త" అని ఆస్పత్రికి ఉత్తరం రాసి, కింద అందంగా సంతకం పెట్టి, మామయ్యను రేపటినుంచి రావద్దన్నాడు. మిట్టమధ్యాహ్నం చేతిసంచీలో స్కేళ్లు, పెన్సిళ్లు వేసుకుని ఆయన ఇల్లు చేరాడు.

"అప్పుడే వచ్చారేం?" అంది అత్తయ్య.

"పని అయిపోయింది" అన్నాడు, చెప్పులు విడుస్తూ. ఆ విషయం మీద ఆ ఇంట్లో ఆయన మాట్లాడింది ఆ రెండు ముక్కలే.

మేనల్లుడు అప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఆయన చేతికింద గీతలు నేర్చుకున్నవాడు కాబట్టి ఆఫీసువాళ్ల నోట విన్న ఆ ఉత్తరం సంగతి వాడికి ముల్లులా దిగింది, ఇన్నేళ్లయినా బయటికి రాలేదు.

మామయ్యకు కోడ్ ఒక్క ముక్క రాదు. మొదట్లో ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. చెయ్యి శుభ్రమని సాఫ్ట్‌వేర్ ఆఫీసువాళ్లు పిలిచి కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో కంప్యూటర్ తెరలు చిన్నవి. సాఫ్ట్‌వేర్‌లో ఎవరినుంచి ఎవరికి ఏ కబురు పోవాలో చూపే బొమ్మంతా ఒక్కసారి కంటికి ఆనేది కాదు. నలుగురూ నిలబడి, వేలు పెట్టి చూపించి పోట్లాడుకోవాలంటే గోడకు అంటించిన పెద్ద కాగితమే దిక్కు. మామయ్య ఆ కాగితాలు గీసేవాడు. మిగిలిపోయిన పని ఇంటికి తెచ్చుకునేవాడు. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దాని మీద వరసగా చెక్కిన పెన్సిళ్లు, అంచులు అరిగిన ఆకుపచ్చ ప్లాస్టిక్ స్టెన్సిలు. రబ్బరు పొట్టు ఊడ్చడానికి ఒక పాత షేవింగ్ బ్రష్. గదిలోకి అడుగుపెడితే చెక్క పొట్టు వాసన కొట్టేది.

"చూడు అల్లుడూ" అనేవాడు. "పైన వరసగా గళ్లు. ఇది వార్డు, ఇది కంప్యూటర్, ఇది ల్యాబు. ఒక్కొక్క దాని కింద ఒక నిలువు గీత, అది దాని బతుకు. ఒకరు ఒకరిని ఏదైనా అడిగితే అడ్డంగా నిండు బాణం. జవాబు తిరిగొస్తే చుక్కల బాణం. ఈ గుర్తులు ఏ దేశం వాడికైనా ఒకటే. భాష రాకపోయినా ఎవరు ఎవరికి బదులివ్వలేదో తెలిసిపోతుంది."

"మరి మనింటి బొమ్మ?"

"మీ అత్తయ్య దగ్గర్నుంచి నాకు వచ్చేవన్నీ నిండు గీతలే. నా వైపు నుంచి పోయేవి చుక్కలు."

"చుక్కలు కూడానా?" వంటింట్లోంచి అత్తయ్య గొంతు. "పొద్దున అడిగిన గ్యాసు సంగతికి ఇంతవరకు చుక్క లేదు."

మామయ్య నవ్వుతూ లేచి గ్యాసుకు ఫోన్ చేసేవాడు.

ఆయనకొక అలవాటుంది. గీయడం పూర్తయ్యాక ప్రతి నిండు బాణం మీదా వేలు పెట్టి, దీనికి జవాబేదీ అని వెతికేవాడు. అందరూ ఆయన్ను గీతలు గీసేవాడనుకున్నారు, నిజానికి అక్కడ ఆ కాగితాలు పూర్తిగా చదివిన మనిషి ఆయనొక్కడే. ఆస్పత్రి బొమ్మలో అలాగే పట్టుకున్నాడు. వార్డు రక్తం నమూనా పంపుతుంది. నమూనా పాడైతే ల్యాబు వద్దని పారేస్తుంది. ఆ సంగతి వార్డుకు చెప్పే బాణం లేదు. మామయ్య తనంతట తనే చుక్కల గీత గీసి తీసుకెళ్లాడు.

"ఇది ఎవడు గీయమన్నాడయ్యా?" అన్నాడు మేనేజరు. "పాడైతే వాళ్లే ఫోన్లు చేసుకుంటారు. నువ్వు గీసేవాడివా, ఆలోచించేవాడివా? చెరిపెయ్."

చెరిపాడు. సాఫ్ట్‌వేర్ అలాగే తయారైంది. వాడుకలోకి వచ్చిన కొన్నాళ్లకు ఒక ముసలామె నమూనా పాడైంది. ల్యాబు వద్దంది, వార్డుకు తెలియలేదు. రిపోర్టు కోసం చూస్తూ, ఆపరేషన్ ఇవాళ, రేపు అంటూ ఆమెను రెండు రోజులు కడుపు మాడ్చి పడుకోబెట్టారు. ఆమె కొడుకు ఆస్పత్రి మీదికి వెళ్లాడు, ఆస్పత్రివాళ్లు మేనేజరు మీదికి వెళ్లారు. మేనేజరుకు మామయ్య దొరికాడు.

తర్వాత ఆయన పదేళ్లకు పైగా ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్పాడు. మేనల్లుడు సాఫ్ట్‌వేర్‌లోనే పడ్డాడు. వాడి ఆఫీసులో ముందు కోడ్ రాస్తారు, ఫైలు కోసం బొమ్మ తర్వాత గీస్తారు. అదీ కంప్యూటరే గీస్తుంది. దాన్ని ఎవరూ చూడరు. మీటింగుల్లో ఆ బొమ్మలు తెరమీద జారిపోతుంటే వాడికి చెక్క పొట్టు వాసన గుర్తొచ్చి ఒళ్లు మండేది.

చూపు మందగించాక మామయ్య బల్ల తీసుకుపొమ్మని కబురు చేశాడు. మేనల్లుడు వెళ్లి సొరుగులు ఖాళీ చేస్తుంటే, అడుగున చుట్టిన కాగితం ఒకటి దొరికింది. ఆస్పత్రి బొమ్మ. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ల్యాబుకూ వార్డుకూ మధ్య ఏదో గాడి కనిపించింది. పెన్సిల్ పడుకోబెట్టి దాని మీద మెల్లగా రుద్దాడు. నల్లటి మరకలో తెల్లగా చుక్కల గీత తేలింది. కొసన బాణం, పక్కన చిన్నగా తేదీ కూడా. ఉత్తరానికి ఎన్నో నెలల ముందుది.

వాడు దాన్ని మామయ్య ముందుకు చాపాడు. "మామయ్యా, ఇది చాలు. ఫోటో తీసి ఆ కంపెనీకి పంపిస్తాను. నీ మీద పడ్డ మచ్చ వాళ్లచేతే తుడిపిస్తాను."

మామయ్య కాగితాన్ని ముక్కు దగ్గరగా పెట్టుకుని చూశాడు. గాడి మీద వేలు పోనిచ్చాడు.

"అప్పట్లో పెన్సిల్ గట్టిగా నొక్కేవాణ్ణి" అన్నాడు. కాగితం చుట్టేస్తూ, "ఒరేయ్, ఇప్పుడు ఆ ఆస్పత్రిలో వార్డుకు కబురు పోతోందా?"

 ఇన్నేళ్లలో మేనల్లుడికి ఆ ప్రశ్న తట్టనేలేదు. మేనేజరును ఏమని కడిగెయ్యాలో మాత్రం వందసార్లు మనసులో రాసుకున్నాడు.

"తెలుసుకుని రా. ఆ తర్వాత నీ ఇష్టం."

రెండు రోజుల తర్వాత వాడు ఆ ఆస్పత్రి వార్డుకు వెళ్లాడు. నర్సు ముందు అనుమానంగా చూసింది. వాడు ముసలామె కథ చెప్పాక తెర తిప్పి చూపించింది. సాఫ్ట్‌వేర్ ఈలోగా రెండుసార్లు మారిందట. ఇప్పుడు ల్యాబు నమూనా వద్దంటే తెరమీద పచ్చగా ఒక పట్టీ వెలిగి, టింగుమని మోగుతుంది. "చూశామని నొక్కేదాకా ఊరుకోదు సార్, చంపేస్తుంది" అని విసుక్కుంది నర్సు.

వాడు ఆ సాయంత్రమే మామయ్య దగ్గరికి వచ్చాడు. ఆయన మంచం మీద ఆనుకుని రేడియో వింటున్నాడు. వాడిని చూసి రేడియో కట్టేశాడు. బల్ల పోయినచోట గోడ మీద నలుచదరపు మరక మిగిలింది.

"పోతోంది మామయ్యా. మోగుతుంది కూడా."

ఆయన ముఖం విప్పారింది. కంపెనీ సంగతి అడగలేదు, ఫోటో సంగతి అడగలేదు. మేనల్లుడు ఆయన్ను చూడటం అదే ఆఖరుసారి.

"అయితే ఎవరో గీశారన్నమాట" అన్నాడు. "చుక్కలతోనే గీశారా, తెలియక నిండు గీత పెట్టేశారా?"